సొంత దేశం పద్దు కొట్టేసిన మధ్యవర్తి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్లు మా బ్యాచ్‌లోనే చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్లకు వదిలేసి, ఉద్యోగంలో నాకు తరచు గుర్తొచ్చే ఒక మనిషి గురించి రాస్తున్నాను. కాలువలు, వంతెనల పనుల్లోనే నా సర్వీసంతా గడిచింది. ఈ పనుల్లో సిమెంటు, ఇనుము ఎంత ముఖ్యమో క్లెయిములూ అంతే ముఖ్యం. ఆలస్యానికి కారణం నువ్వంటే నువ్వని కాంట్రాక్టరు, శాఖ ఒకరి మీద ఒకరు పద్దులు రాసుకుంటారు. చివరికి ఆర్బిట్రేటర్ల ముందు బల్లకు అటూ ఇటూ కూర్చుంటారు. అలాంటి కూర్చోవడాలు నేనూ కొన్ని చూశాను. ఒక వంతెన విషయంలోనే ఇది ఇంత తలనొప్పి అయితే, యుద్ధానికి కాలు దువ్వుతున్న రెండు దేశాలు తమ పద్దులు ఎలా తేల్చుకుంటాయన్న కుతూహలంతో చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తారసపడిన మనిషి చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్.

ఇంటిపేరు కొత్తది కాదు. తాత జాన్ ఆడమ్స్ అమెరికా రెండో అధ్యక్షుడు, తండ్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆరో అధ్యక్షుడు. చార్లెస్ 1807 ఆగస్టు 18న బోస్టన్‌లో పుట్టాడు. రెండేళ్లు నిండగానే, రష్యాకు రాయబారిగా వెళ్తున్న తండ్రితో పాటు సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. ఆ కుర్రాడికి ఏడేళ్లప్పుడు, 1815 ఫిబ్రవరిలో, తల్లి లూయిసా అతణ్ణి వెంటబెట్టుకుని గుర్రపు బండిలో మంచు దారుల మీద పారిస్‌కు బయలుదేరింది. ప్రయాణం నలభై రోజులు. దారి పొడవునా యుద్ధంలో కాలిపోయిన ఊళ్లు, చెదిరిపోయిన సైనికులు. పారిస్ చేరేసరికి నెపోలియన్ మళ్లీ గద్దెనెక్కి మూడు రోజులయింది. యుద్ధం అంటే ఏమిటో ఆ వయసులో కళ్లారా చూసినవాడు పెద్దయ్యాక దాని గురించి తేలిగ్గా మాట్లాడకపోవడంలో వింత లేదు.

అక్కడి నుంచి లండన్. తండ్రి ఇప్పుడు బ్రిటన్‌కు రాయబారి. అమెరికా, బ్రిటన్‌ల మధ్య రెండో యుద్ధం అప్పుడే ముగిసింది. నిన్నటి శత్రువుల పిల్లల మధ్య ఈలింగ్‌లోని బోర్డింగ్ స్కూల్లో చార్లెస్ రెండేళ్లు చదివాడు. తరువాత బోస్టన్ లాటిన్ స్కూల్, 1825లో హార్వర్డ్ పట్టా, డేనియల్ వెబ్‌స్టర్ దగ్గర లా చదువు. 1829లో బోస్టన్‌లోకెల్లా సంపన్నుడైన పీటర్ బ్రూక్స్ కూతురు అబిగెయిల్‌ను పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడు పెద్దన్న నీళ్లలో పడి చనిపోయాడు. మరో ఐదేళ్లకు రెండో అన్న కూడా పోయాడు. ఇద్దరు అధ్యక్షుల వారసత్వం, ఇంటినిండా కాగితాలు, అప్పుల లెక్కలు అన్నీ మూడోవాడి నెత్తిన పడ్డాయి. ఆయన వాటిని విసుక్కోకుండా మోశాడు. తాత రచనలను పది సంపుటాలుగా పరిష్కరించి ప్రచురించాడు. రోజూ డైరీ రాశాడు. కాగితం పారేయకూడదన్న ఇంటి సంప్రదాయం ముందు ముందు ఒక దేశానికి పనికొచ్చింది.

రాజకీయాల్లో ఆయన బానిసత్వ వ్యతిరేకి. మసాచుసెట్స్ శాసనసభలో పనిచేసి, 1848లో ఫ్రీ సాయిల్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయి, 1859లో కాంగ్రెస్‌లో అడుగుపెట్టాడు. మనిషి మాత్రం జనాన్ని ఆకట్టుకునే రకం కాదు. చలిమనిషి అని అందరూ అనేవారు. సభలో చప్పట్లు కొట్టించలేడు, భుజం మీద చెయ్యేసి మాట్లాడలేడు. నాకు తెలిసిన మంచి డిజైన్ ఇంజనీర్లలో కొందరు ఇలాగే ఉంటారు. పార్టీకి పిలవరు గాని, డ్రాయింగు మీద సంతకం ఆయనదైతే అందరూ నిశ్చింతగా పడుకుంటారు.

1861లో లింకన్ ఆయన్ను బ్రిటన్‌కు రాయబారిగా పంపాడు. తాత, తండ్రి చేసిన ఉద్యోగమే. కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్తే, ఇది సీవార్డ్ చేసిన ఎంపిక, ధన్యవాదాలేవో ఆయనకే చెప్పుకోమని తేల్చేసి, లింకన్ షికాగో పోస్టాఫీసులో ఎవరిని వేయాలన్న సంగతిలో పడ్డాడని ఆడమ్స్ కొడుకు తరువాత రాశాడు. కొత్త అధ్యక్షుడి మీద ఆడమ్స్‌కు ఆ రోజు మంచి అభిప్రాయమేమీ కలగలేదు.

మే 13 సాయంత్రం లండన్‌లో దిగాడు. సరిగ్గా ఆ తేదీనే బ్రిటన్ తటస్థత ప్రకటన వెలువడింది. అమెరికాలో ఉత్తరాది ప్రభుత్వానికీ, బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య యుద్ధం మొదలై నెల రోజులు. దక్షిణాదిని తిరుగుబాటుదారులుగా గాక యుద్ధం చేసే పక్షంగా గుర్తించడమే ఈ ప్రకటన అర్థం. కొత్త రాయబారి వచ్చేదాకానైనా ఆగలేదని ఉత్తరాదికి కడుపు మండింది. బ్రిటన్ బాధ బ్రిటన్‌ది. లాంకషైర్ మిల్లులకు అందే పత్తిలో ముప్పాతిక వంతుకు పైగా అమెరికా దక్షిణాది నుంచే వచ్చేది. యుద్ధంతో ఆ పత్తి ఆగిపోయి మిల్లులు మూతపడ్డాయి, కార్మికులు పస్తులున్నారు. ఈ సెగ మన దాకా తగిలింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది, కాకినాడ రేవు కళకళలాడింది. అక్కడి నుంచి వెళ్లే పత్తికి బజారులో కాకినాడ పేరే స్థిరపడిపోయింది. యుద్ధం ఆగగానే ధరలు కూలిపోయాయి.

అసలు కథ ఒక ఓడది. దక్షిణాదికి సొంత నౌకాదళం లేదు. వాళ్ల ఏజెంటు జేమ్స్ బుల్లక్ లివర్‌పూల్‌లో మకాం పెట్టి, మెర్సీ నదికి ఆవలి ఒడ్డున బర్కెన్‌హెడ్‌లోని లెయిర్డ్ యార్డుకు ఒక ఓడ ఆర్డరిచ్చాడు. యార్డు పుస్తకాల్లో దాని నంబరు 290. చెక్క ఓడ, పొడవు 220 అడుగుల పైచిలుకు. తెరచాపలూ ఉన్నాయి, ఆవిరి ఇంజనూ ఉంది. బొగ్గు మిగుల్చుకోవాలంటే నీళ్లలోని పంకాను పైకి లాగేసి చాపలతో పోవచ్చు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చుకునే ఏర్పాటు కూడా ఉంది. రేవుకు రాకుండా నెలల తరబడి సముద్రం మీదే ఉండడానికి కట్టిన ఓడ అని చూసిన ఏ ఇంజనీరుకైనా అర్థమవుతుంది. సరుకు రవాణాకు ఇలాంటివి ఎవరూ కట్టరు.

చట్టం మాత్రం వేరే మాట చెబుతోంది. 1819 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం తటస్థ రేవులో యుద్ధనౌకను ఆయుధాలతో సిద్ధం చేయడం నేరం. ఓడను ఇక్కడ కట్టి, ఫిరంగులు మరోచోట ఎక్కిస్తే? బుల్లక్ లాయరు ఆ సందు చూపించాడు. ఇది నాకు బాగా తెలిసిన సందు. నిబంధనలోని అక్షరాన్ని పాటిస్తూ దాని ప్రాణం తీసే పని కాంట్రాక్టు ప్రపంచంలో రోజూ జరుగుతుంది.

లివర్‌పూల్‌లోని అమెరికన్ కాన్సుల్ థామస్ డడ్లీ మనుషులను పెట్టి కూపీ లాగాడు. ఆడమ్స్ 1862 జూన్‌లో విదేశాంగ మంత్రి లార్డ్ రస్సెల్‌కు రాశాడు. సాక్ష్యం చాలదన్నారు. డడ్లీ ప్రమాణ పత్రాలు సేకరించాడు. ఆడమ్స్ పేరున్న న్యాయవాది రాబర్ట్ కాలియర్ అభిప్రాయం తీసుకున్నాడు. ఈ ఓడను వదిలేస్తే ఆ చట్టం ఉన్నా లేనట్టేనని కాలియర్ రాసిచ్చాడు. జూలై 23 నాటికి ఇవన్నీ ప్రభుత్వం చేతికి చేరాయి. అక్కడి నుంచి అవి న్యాయాధికారి సర్ జాన్ హార్డింగ్ ఇంటికి వెళ్లాయి. ఆయనకు అప్పటికే మతి చలించింది. ఆ సంగతి బయటికి తెలియలేదు. ఫైలు కొన్ని రోజులు ఆ ఇంట్లోనే పడి ఉంది.

జూలై 29న 290 నంబరు ఓడ ట్రయల్ అని చెప్పి, ఆడవాళ్లతో సహా అతిథులను ఎక్కించుకుని రేవు దాటింది. కాసేపటికి అతిథులను టగ్ పడవలోకి దించేసి సముద్రం దారి పట్టింది. ఓడను ఆపమన్న ఉత్తర్వు చేతులు కాలాక పట్టుకున్న ఆకే అయింది. అజోర్స్ దీవుల దగ్గర ఫిరంగులు, మందుగుండు ఎక్కించుకుని, ఆగస్టు 24న జెండా మార్చి, అలబామా అని పేరు పెట్టుకుంది. కెప్టెన్ రాఫెల్ సెమ్స్.

తరువాతి ఇరవై రెండు నెలల్లో అలబామా పట్టుకున్న ఉత్తరాది ఓడలు సుమారు 65. ఎక్కువ భాగం తగలబెట్టేసింది. అట్లాంటిక్ నుంచి మలక్కా జలసంధి దాకా తిరిగింది. 1864 జనవరిలో మలబారు తీరాన ఎమ్మా జేన్ అనే ఓడను తగలబెట్టి, అందులోని మనుషులను ఇవాళ కేరళలో ఉన్న అంజెంగోలో దింపి వెళ్లింది. ఇంగ్లండులో ఒక ఫైలు ఆలస్యమైన ఫలితం మన తీరంలో పొగై లేచిందన్నమాట. దీని భయంతో అమెరికన్ ఓడల యజమానులు వందల ఓడలను బ్రిటిష్ జెండా కిందికి మార్చేశారు. బీమా రేట్లు ఆకాశాన్నంటాయి. చివరికి 1864 జూన్ 19న ఫ్రాన్స్‌లోని షెర్బూర్ రేవు బయట కేర్‌సార్జ్ అనే యుద్ధనౌక చేతిలో అలబామా మునిగిపోయింది. ఫ్లోరిడా, షెనండోవా అనే మరో రెండు ఓడల చరిత్రా ఇలాంటిదే.

ఈ కాలమంతా లండన్‌లో ఆడమ్స్ చేసిన పని గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఓడ తగలబడిన వార్త వచ్చినప్పుడల్లా యజమాని పేరు, సరుకు విలువ, సాక్షుల వాంగ్మూలాలు జతచేసి రస్సెల్‌కు ఒక ఉత్తరం పంపేవాడు. మా బాధ్యత లేదని జవాబు వచ్చేది. మరో ఓడ, మరో ఉత్తరం, అదే జవాబు. ఇక ఇలాంటివి పంపకండి అన్నట్టు రస్సెల్ సూచిస్తే, రికార్డు కోసమైనా పంపక తప్పదని వినయంగా చెప్పి మళ్లీ పంపాడు. కేకలు లేవు, పత్రికలకెక్కడం లేదు. సైట్‌లో జరిగింది ఏ రోజుకారోజు కాగితం మీద పెట్టనివాడికి ఆర్బిట్రేషన్‌లో దిక్కుండదని మేము జూనియర్లకు చెబుతుంటాం. ఆడమ్స్ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని విచారణ కోసం ఏళ్ల తరబడి ఫైలు కట్టాడు. 1863 అక్టోబరులోనే, న్యాయమైన మధ్యవర్తిత్వం ఏ రూపంలోనైనా తన దేశానికి సమ్మతమేనని రాసి ఉంచాడు.

గట్టిగా మాట్లాడాల్సిన చోట మాట్లాడాడు కూడా. అదే లెయిర్డ్ యార్డులో దక్షిణాది కోసం రెండు ఇనుప కవచపు ఓడలు తయారవుతున్నాయి. ముక్కుతో పొడిచి చెక్క ఓడలను ముంచేసే రకం. అవి బయటపడితే ఉత్తరాది దిగ్బంధం చెల్లాచెదురవుతుంది. 1863 సెప్టెంబరు 5న రస్సెల్‌కు రాసిన ఉత్తరంలో, వాటిని వదలడమంటే యుద్ధమేనని వేరే చెప్పనక్కర్లేదన్న అర్థం వచ్చేలా ఒకే వాక్యం రాశాడు. వాటిని ఆపమని రస్సెల్ అంతకు రెండు రోజుల ముందే ఆదేశాలిచ్చాడు. ఆ సంగతి ఆడమ్స్‌కు తెలియదు. ఉత్తరం వల్లే ఓడలు ఆగాయని అమెరికాలో చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి అంతకు ముందు నుంచీ పంపిన కాగితాల బరువే పనిచేసిందని నా అభిప్రాయం. ఆ రెండు ఓడలను చివరికి బ్రిటిష్ నౌకాదళమే కొనుక్కుంది.

యుద్ధం 1865లో ముగిసింది. క్లెయిములు మాత్రం అలాగే ఉన్నాయి. బ్రిటన్ గౌరవం సంగతి బ్రిటనే చూసుకుంటుంది, పరాయివాడి తీర్పుకు పెట్టదని రస్సెల్ మధ్యవర్తిత్వాన్ని తోసిపుచ్చాడు. 1868లో ఆడమ్స్ ఇంటికి తిరిగొచ్చాడు. మరుసటి ఏడు కుదిరిన ఒక ఒప్పందాన్ని అమెరికా సెనేట్ 54–1 ఓట్లతో చెత్తబుట్టలో వేసింది. ఆ సందర్భంలో సెనేటర్ చార్లెస్ సమ్నర్ చేసిన ప్రసంగం మంటల్లో నెయ్యి పోసింది. తగలబడ్డ ఓడల విలువ సుమారు 1.5 కోట్ల డాలర్లే. వాణిజ్య నౌకాదళానికి కలిగిన నష్టం మరో 11 కోట్లు. బ్రిటన్ అండ వల్ల యుద్ధం రెట్టింపు కాలం సాగింది కాబట్టి ఆ ఖర్చు 200 కోట్లు. ఇదీ సమ్నర్ లెక్క. ఇంత డబ్బు బ్రిటన్ ఇవ్వలేదు కాబట్టి కెనడా ఇచ్చేయాలని కొందరు బాహాటంగానే మాట్లాడారు.

కాంట్రాక్టు భాషలో దీన్ని పరోక్ష నష్టం అంటాం. మెటీరియల్ ఆలస్యంగా ఇచ్చారు, దానివల్ల పని ఆగింది, దానివల్ల నాకు మరో టెండరు పోయింది, దానివల్ల పిల్ల పెళ్లి వాయిదా పడింది అంటూ పోతే పద్దుకు అంతు ఉండదు. ఎక్కడో గీత గీయాలి. ఆ గీత ఎవరు గీస్తారన్నదే చిక్కు. క్లెయిము చేసినవాడు తనంతట తాను గీయడు, గీస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఎదుటివాడు గీస్తే ఒప్పుకోడు.

మొత్తానికి బ్రిటన్ మెత్తబడింది. కారణం మంచితనం కాదు, భయం. రేపు తాను యుద్ధంలో ఉంటే, శత్రువులు అమెరికా రేవుల్లో ఇలాంటి ఓడలే కట్టించుకుంటే? 1870లో ఐరోపా పరిస్థితి చూశాక ఆ ఆలోచన నిద్ర పట్టనివ్వలేదు. 1871 మే 8న వాషింగ్టన్ ఒడంబడిక కుదిరింది. ఓడలు తప్పించుకుపోయినందుకు బ్రిటన్ విచారం తెలిపింది. తటస్థ దేశం తన రేవుల విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవాలన్న మూడు సూత్రాలు రాసుకున్నారు. అవి 1862లో చట్టమేనని బ్రిటన్ ఒప్పుకోలేదు, అయినా వాటి ప్రకారమే తీర్పు చెప్పమంది. ఐదుగురు మధ్యవర్తులు: ఇటలీ నుంచి కౌంట్ స్క్లోపిస్, స్విట్జర్లాండ్ నుంచి స్టెంఫ్లీ, బ్రెజిల్ నుంచి ఇటజుబా, బ్రిటన్ నుంచి ప్రధాన న్యాయమూర్తి సర్ అలెగ్జాండర్ కాక్‌బర్న్, అమెరికా నుంచి ఆడమ్స్.

ఫిర్యాదు రాసినవాడే న్యాయపీఠం మీద కూర్చోవడం ఇవాళ ఏ ఆర్బిట్రేషన్ చట్టమూ ఒప్పుకోదు. అప్పటి పద్ధతి వేరు. ప్రతి దేశం తన మనిషిని పెట్టుకుంటుంది, అతను తన దేశం తరఫునే మాట్లాడతాడని అందరూ అనుకుంటారు. కాక్‌బర్న్ అలాగే చేశాడు.

1871 డిసెంబరు 15న జెనీవా నగర భవనంలో మొదటి సమావేశం జరిగింది. ఇరుపక్షాల కేసు పత్రాలు చేతులు మారాయి. అమెరికా పత్రం తెరిచి చూస్తే అందులో సమ్నర్ పరోక్ష నష్టాలన్నీ ఉన్నాయి. లండన్ భగ్గుమంది. మోసపోయామని పత్రికలు రాశాయి. ఈ పద్దు తీసేస్తేనే వస్తామని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం. తీయడం మా పరువుకు నష్టమని వాషింగ్టన్. నిజానికి ఆ డబ్బు వస్తుందని అమెరికా విదేశాంగ మంత్రి హామిల్టన్ ఫిష్‌కే నమ్మకం లేదు, కానీ ఎన్నికల సంవత్సరంలో వెనక్కి తగ్గినట్టు కనిపించకూడదు. నెలల తరబడి తంతులు నడిచాయి. ఏదీ తేలలేదు.

ఈ మధ్యలో ఆడమ్స్‌కు మరో పరీక్ష వచ్చింది. 1872 మేలో సిన్సినాటిలో లిబరల్ రిపబ్లికన్లు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి సమావేశమయ్యారు. ఆయన పేరు ముందు వరసలో ఉంది. పదవి కోసం ఎవరితోనూ బేరాలాడనని ఒక పొడి ఉత్తరం రాసి, సమావేశం మొదలుకాకముందే జెనీవా పని మీద ఓడ ఎక్కేశాడు. ఆరో విడత ఓటింగులో హొరేస్ గ్రీలీ గెలిచాడు. తాత, తండ్రి కూర్చున్న కుర్చీ అలా చేజారింది. వార్త తెలిసి ఆయన పెద్దగా బాధపడినట్టు లేదు.

జూన్ 15న జెనీవాలో మళ్లీ కూర్చున్నారు. బ్రిటిష్ ప్రతినిధి లార్డ్ టెంటర్డెన్ తన వాదన పత్రం ఇవ్వకుండా ఎనిమిది నెలల వాయిదా కోరాడు. వాయిదా అంటే మరణమేనని గదిలో అందరికీ తెలుసు. ఇక్కడే ఆడమ్స్ తన సహ మధ్యవర్తుల ముందు ఒక దారి పెట్టాడు. పరోక్ష నష్టాలు మన పరిధిలోకి వస్తాయా రావా అన్న ప్రశ్న జోలికే వద్దు. అది తేల్చబోతే ఏదో ఒక దేశం లేచిపోతుంది. ఎవరూ అడగకముందే, మధ్యవర్తులుగా మనంతట మనమే, ఇలాంటి నష్టాలకు అంతర్జాతీయ న్యాయం ప్రకారం దేశాల మధ్య పరిహారం ఉండదని చెప్పేద్దాం. అప్పుడు అమెరికా తన పద్దును వెనక్కి తీసుకోనక్కర్లేదు, బ్రిటన్ దాన్ని చర్చించనక్కర్లేదు. తాను ఇక్కడ కూర్చున్నది ఏ దేశం తరఫునా కాదని కూడా ఆయన స్పష్టం చేశాడు. జూన్ 19న స్క్లోపిస్ ఆ ప్రకటన చదివాడు. వారంలోపల అమెరికా ప్రతినిధి బాన్‌క్రాఫ్ట్ డేవిస్ సరేనన్నాడు, 27న టెంటర్డెన్ వాయిదా కోరికను ఉపసంహరించుకున్నాడు.

తన దేశపు అతి పెద్ద పద్దును తన చేత్తో కొట్టేశాడు. ఇది ఉదారతా, వ్యవహార దక్షతా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచినది ఇది: 1862 నుంచి ఆ ఫైలు కట్టినవాడు ఆయనే కాబట్టి, అందులో ఏది నిలబడుతుందో, ఏది గాలికి పోతుందో ఆయనకే బాగా తెలుసు. ఒక్కో ఓడకు, ఒక్కో సరుకుకు కాగితం ఉంది. యుద్ధం ఎన్నాళ్లు పెరిగిందన్నదానికి కాగితం లేదు. ఆ 200 కోట్ల కోసం పట్టుపడితే 1.5 కోట్లూ పోతాయి, పైగా యుద్ధమూ రావచ్చు. అదే పని కాక్‌బర్న్ ప్రతిపాదిస్తే అమెరికా మండిపడేది. ఆడమ్స్ చేస్తే ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే బ్రిటన్ ఎదుట ఆయనకంటే మొండిగా నిలబడిన అమెరికన్ మరొకడు లేడు.

మిగిలినది వేగంగా సాగింది. అలబామా విషయంలో బ్రిటన్ జాగ్రత్త తీసుకోలేదని ఐదుగురూ, కాక్‌బర్న్‌తో సహా, ఏకీభవించారు. ఫ్లోరిడా విషయంలో నలుగురు. షెనండోవా మెల్‌బోర్న్ రేవులో మనుషులను చేర్చుకుని బయలుదేరిన తరువాత చేసిన నష్టానికి మాత్రమే, అదీ ముగ్గురి ఓటుతో, బ్రిటన్‌ను బాధ్యురాలిని చేశారు. మిగతా కొన్ని ఓడల విషయంలో అమెరికా క్లెయిములు వీగిపోయాయి. 1872 సెప్టెంబరు 14న తీర్పు వెలువడింది: బంగారంలో 1.55 కోట్ల డాలర్లు. నలుగురు సంతకం చేశారు. కాక్‌బర్న్ చేయలేదు, పెద్ద అసమ్మతి పత్రం ఇచ్చి విసురుగా వెళ్లిపోయాడు. అయినా బ్రిటన్ గొణుక్కుంటూనే ఏడాది తిరగకముందే మొత్తం డబ్బు కట్టేసింది. ఆ తీర్పు కన్నా ఈ చెల్లింపే పెద్ద సంగతి అంటాను. అవార్డు చేతికొచ్చాక కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరగాలో మన వృత్తిలోవాళ్లకు చెప్పక్కర్లేదు. అదే ఒడంబడిక కింద చేపల వేట హక్కుల విషయంలో 1877లో హాలిఫాక్స్‌లో వచ్చిన తీర్పు అమెరికాకు వ్యతిరేకం, 55 లక్షల డాలర్లు. అమెరికా అన్యాయమని అరిచింది, కట్టింది.

ఈ పద్ధతికి తరువాత చాలామంది వారసులు వచ్చారు. 1899లో హేగ్‌లో శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి బీజం పడింది. 1965 ఘర్షణ తరువాత మన రాన్ ఆఫ్ కచ్ సరిహద్దును తేల్చినది కూడా ముగ్గురు సభ్యుల ట్రిబ్యునలే. 1968 ఫిబ్రవరిలో ఆ తీర్పు వచ్చింది కూడా జెనీవాలోనే. పార్లమెంటులో ఎంత రభస జరిగినా భారత ప్రభుత్వం దాన్ని అమలు చేసింది. 1981 నుంచి అమెరికా, ఇరాన్‌లు ఒకరి రాయబారిని ఒకరు పెట్టుకోకపోయినా, హేగ్‌లో తొమ్మిదిమంది సభ్యుల ముందు వేల క్లెయిములు తేల్చుకుంటూ వచ్చాయి. కృష్ణా జలాల మీద మూడు రాష్ట్రాల వాదాలు విన్న బచావత్ ట్రిబ్యునల్ కాగితాలు ఉద్యోగరీత్యా తిరగేసినప్పుడు, అక్కడా ఇదే కనిపించింది: ఎవరి దగ్గర కొలతలు ఉన్నాయో వాళ్ల మాటకు బరువు.

ఆడమ్స్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. బానిసత్వం విషయంలో ముందుండి పోరాడినవాడు, యుద్ధం తరువాత విముక్తులైన నల్లజాతివారి హక్కుల కోసం పాత మిత్రులు పట్టుబట్టినప్పుడు వారితో నడవలేదు. దక్షిణాదితో మెతకగా ఉండాలన్న వైపు మొగ్గాడు. జెనీవా డబ్బు కూడా ఓడల యజమానులకు, బీమా కంపెనీలకు, సరుకుల వాళ్లకు పంచారు. ఆ యుద్ధం ఎవరి కోసం జరిగిందో ఆ మనుషుల పద్దు ఏ బల్ల మీదికీ రాలేదు. రెండు దేశాలు లెక్కలు తేల్చుకునేటప్పుడు బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్ల సంగతి ఇంతే. ఇవాళ ముంపు గ్రామాల పునరావాసం ఫైళ్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

జెనీవా నుంచి వచ్చాక ఆయన తండ్రి డైరీలను పన్నెండు సంపుటాలుగా ప్రచురించే పని పూర్తిచేశాడు. 1870లోనే క్విన్సీలోని ఇంటి ఆవరణలో, తండ్రి వీలునామాలోని కోరిక ప్రకారం, నిప్పు అంటకుండా రాతితో ఒక గ్రంథాలయం కట్టించాడు. ఇద్దరు అధ్యక్షుల పుస్తకాలు, కాగితాలు అందులో చేరాయి. కొడుకుల్లో హెన్రీ లండన్ రోజుల్లో తండ్రికి కార్యదర్శిగా పనిచేసి, తరువాత పేరున్న చరిత్రకారుడయ్యాడు. ముసలితనంలో ఆడమ్స్ జ్ఞాపకశక్తి క్రమంగా తగ్గిపోయింది. అంతకాలం రాసిన డైరీ 1880లో ఆగింది. 1886 నవంబరు 21న బోస్టన్‌లో కన్నుమూశాడు.

జెనీవా నగర భవనంలో ఆ గదిని ఇప్పటికీ అలబామా గది అనే పిలుస్తారు. అలబామా ఓడ మాత్రం నూట ఇరవై ఏళ్లు సముద్రం అడుగున ఉండి, 1984లో షెర్బూర్ దగ్గర ఫ్రెంచి నౌకాదళానికి దొరికింది. నీళ్లు ఫ్రాన్స్‌వి, ఓడ అమెరికాది. ఎవరి సొత్తు అన్న ప్రశ్న మళ్లీ లేచింది. ఈసారి గొడవ లేకుండా, 1989లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకుని, ఉమ్మడి శాస్త్రీయ సంఘాన్ని వేసుకున్నాయి.